ఆదివారం సాంబ్రాణి

నా కోడలు ఉద్యోగంలో చేరిన రోజున ఇంట్లో ఎవరికీ సంతోషం లేదు. ఆమెకూ లేదు. పొద్దున్నే చీకటితో లేచి, కొత్త చుడీదార్ వేసుకొని, ఆఫీసు బండి కోసం గేటు దగ్గర నిలబడింది. చంకలో ఉన్న పిల్లవాణ్ణి నా చేతికి ఇవ్వబోతే వాడు ఆమె చున్నీ గట్టిగా పట్టుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. వాడు ఏడవలేదు. అమ్మ ఏం చేస్తోందో అర్థం కానట్టు చూశాడంతే. ఆ చూపు నాకు నచ్చలేదు.

మేము ఉండేది ఢిల్లీ కంటోన్మెంటులో, మిలిటరీ క్వార్టర్లో. మాది శ్రీకాకుళం వైపు పల్లె. అక్కడ వీధికి నలుగురైనా మిలిటరీలో ఉంటారు. మా ఇంటి నుంచి నా కొడుకు వెళ్లాడు. హవల్దారు. ఆ ఏడు వాణ్ణి కొండల మీదకి, పెళ్లాం పిల్లల్ని తీసుకుపోవడానికి వీల్లేని చోటికి వేశారు. అలాంటప్పుడు కుటుంబాన్ని ఢిల్లీ క్వార్టర్లోనే ఉండనిస్తారు. కోడలు ఇద్దరు పిల్లలతో ఉండిపోయింది. పెద్దది ఐదేళ్ల ఆడపిల్ల. రెండోవాడికి ఏడాదిన్నర. వాళ్లను చూసుకోవడానికి నేను ఊరి నుంచి వచ్చాను.

ఉద్యోగం గుర్గావ్‌లో. ఆసుపత్రుల బిల్లులు కంప్యూటర్లో సరిచూసే పని. పొద్దున్న బండి ఎక్కితే మళ్లీ దీపాలు పెట్టిన తర్వాతే రావడం. ఎందుకమ్మా ఈ అవస్థ అని అడిగాను. నేను మొహం మీదే అడుగుతాను, లోపల పెట్టుకోను.

"ఆయనకి ఇంకెన్నాళ్లు సర్వీసుంది అత్తా? నలభై దాటగానే పంపేస్తారు. అప్పుడు ఆయన ఏదో ఒక గేటు కాడ సెక్యూరిటీగా నిలబడాల. నాను ఇంట్లో కూకుని సూడాల. అదేనా?"

మా ఊళ్లో తుపాకి దించి వచ్చినవాళ్లు చాలామంది విశాఖపట్నంలో గేట్ల దగ్గరే నిలబడ్డారు.

కొడుకు ఫోనులో ఒప్పుకున్నాడు. కాని ఒక మాట పెట్టాడు. "ఆరు నెలలు సూద్దాం. పిల్లలకి ఏటైనా అయ్యిందంటే మట్టుకు ఆ రోజుతో సరి. మళ్లీ నాతో వాదించొద్దు." ఆఫీసువాళ్లు కూడా ఆరు నెలలు చూసి గాని ఉద్యోగం ఖాయం చెయ్యం అన్నారట. ఇటు మొగుడు, అటు ఆఫీసు. మధ్యలో కోడలు ఒక్కతే. ఊపిరి బిగపట్టి నడిచినట్టుండేది ఆమె నడక, ఇంట్లో కూడా.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. నాకు అక్షరాలు నేర్పింది ఈ కోడలే. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నా కొడుకు సరిహద్దులో ఉంటే, మేమిద్దరం ఊళ్లో ఉండేవాళ్లం. అప్పటికి నాకు యాభై దాటాయి. సాయంత్రం పూట బియ్యం చేటలో వేలితో రాయించేది. నా చేత బస్సు బోర్డు చదివించి గాని బస్సు ఎక్కనిచ్చేది కాదు. అందుకని ఆమె గురించి నేను రాసేది కొంత ఆమె వైపు ఒరిగి ఉంటుంది. తెలిసే రాస్తున్నాను.

మొదటి వారం పిల్లవాడు బండి హారన్ వినగానే గొంతు చించుకున్నాడు. ఎత్తుకొని గేటు దాటి, ఎదురుగా పార్కులో నెమళ్లను చూపించి, బిస్కట్ ఇచ్చి, ఎలాగో ఊరుకోబెట్టేదాన్ని. తర్వాత ఒకరోజు హారన్ మోగింది, వాడు ఏడవలేదు. తలుపు వైపు చూశాడు. చూసి, తిరిగి నేల మీద గిన్నెలతో ఆడుకున్నాడు.

ఎదురింట్లో కడప ఆవిడ ఉంటుంది. సుబేదారు గారి భార్య. ఎన్ని కంటోన్మెంట్లు తిరిగినా కడప మాట మారలేదు. ఆమె చూసి నవ్వింది.

"అలవాటు పడినాడులే పెద్దమ్మా. ఇంగ నీకు సుకం."

"అలవాటో ఏటో. ఏడిసినోడు ఏడుపు మానితే నాకు బయ్యం," అన్నాను.

"నీకు ఏడిస్తే బాద, ఏడ్సకపోతే బయం. మా అత్త గూడా నీ మాదిరే. స్వర్గంలో గూడా ఏదో లోపం ఎతుకుతాంటాది."

నవ్వాను. కాని ఆ భయం పోలేదు. వాడు మెల్లగా నా బిడ్డ అయిపోయాడు. రాత్రి నా పక్కలోకే దూరేవాడు. సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతూనే చేతులు చాచేది, వాడు నా చీర కుచ్చిళ్ల వెనక్కి పోయేవాడు. ఆమె నవ్వి, "దొంగెదవ" అని బాత్‌రూంలోకి వెళ్లేది. కుళాయి చాలాసేపు పోసేది. మొహం కడుక్కోవడానికి అంత నీళ్లు అక్కర్లేదని నాకు తెలుసు.

పెద్దదానిది ఇంకో తీరు. అది బడిలో హిందీ, ఇంట్లో హిందీ. మనం తెలుగులో అడిగితే హిందీలో చెప్తుంది. అమ్మ ఎక్కడా అని బడిలో టీచరు అడిగితే "మమ్మీ సో రహీ హై" అని చెప్పిందట. అమ్మ నిద్రపోతోంది అని. ఆఫీసుకు వెళ్లింది అని చెప్పొచ్చు కదే అన్నాను. భుజాలు ఎగరేసింది. దానికి తెలిసిన అమ్మ నిద్రపోయే అమ్మే.

ఆ నిద్ర గురించే చెప్పాలి. అలాంటి నిద్ర నేను ఎప్పుడూ చూడలేదు. కంచంలో చెయ్యి పెట్టి అన్నం కలుపుతూ నిద్రపోయేది. కూతురికి జడ వేస్తూ నిద్రపోయేది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయేది, అది కదలకుండా కూర్చునేది పాపం. ఒకసారి పాలు పొయ్యి మీద పెట్టి గోడకు ఆనుకొని నిలబడే నిద్రపోయింది. పాలు పొంగి మంట ఆరిపోయి గ్యాసు వాసన వస్తుంటే నేను పరుగెత్తుకెళ్లి కట్టేశాను. ఆమె కళ్లు తెరిచి, "ఏటైంది అత్తా?" అంది. ఏమీ కాలేదు, ఎల్లి పడుకో అన్నాను.

ఏమీ కాలేదు, పడుకో. అదే మా ఇంటి మాట అయిపోయింది. ఆమె పడుకుంటే నేను పిల్లల్ని బయటికి తోలేదాన్ని. టీవీ కట్టేసేదాన్ని. ఎదురింటావిడ తలుపు తడితే వేలు పెదవుల మీద పెట్టేదాన్ని. పెద్దది తమ్ముడి నోటి మీద చెయ్యి పెట్టి "శ్శ్... మమ్మీ" అనేది. వాడు కూడా నేర్చుకున్నాడు. మాటలు రాని పిల్లవాడు, వేలు ముక్కు మీద పెట్టి శ్శ్ అంటుంటే అందరం నవ్వేవాళ్లం. ఆమె ఎంతసేపు పడుకున్నా, ఎలా పడుకున్నా లేపకూడదు. అలా నేర్పింది నేనే, ప్రేమతోనే.

దీపావళి వెళ్లాక ఢిల్లీకి పొగ దిగింది. ఊళ్లో పొగమంచు నాకు తెలుసు, సూర్యుడు రాగానే పోతుంది. ఇది పోదు. పగలే బల్బులు వెయ్యాలి. బట్టలు ఆరేస్తే కాలిన వాసన. బడి మూసేశారు. పిల్లవాడికి దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి మొహం కందిపోయేది. కోడలు భయపడింది. దగ్గుకి కాదు, దగ్గు ఎక్కువైతే మొగుడికి తెలుస్తుందని. ఆదివారం సాయంత్రం ఫోను వచ్చేటప్పుడు వాణ్ణి పార్కులోకి తీసుకుపొమ్మనేది. నేను తీసుకుపోయాను. ఫోనులో నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఒక శనివారం సెలవు దొరికింది. ఆమె ఆ సెలవంతా కిటికీలతోనే గడిపింది. గ్రౌండ్ ఫ్లోర్ పాత క్వార్టర్, కిటికీ రెక్కలు సరిగా మూసుకోవు. సందులన్నిటికీ పేపరు ముక్కలు కుక్కి, పైన వెడల్పాటి టేపు వేసింది. వెంటిలేటరుకి అట్ట కొట్టింది. చిన్నగదిలో పిల్లలు పడుకుంటారు కాబట్టి ఆ గది తలుపు కిందకి పాత చీర చుట్టి పెట్టింది.

"ఇల్లు సేత్తన్నావా, డబ్బా సేత్తన్నావా?" అన్నాను.

"బయట పొగ చూశావా అత్తా! అది లోపలికి రాకూడదు."

"గాలి?"

"గాలే కద పొగ ఇక్కడ," అంది. నాకూ నిజమే అనిపించింది.

కంటోన్మెంటులో ప్రతి చలికాలం ఆడవాళ్లను పిలిచి మీటింగు పెడతారు. ఆ ఏడు కూడా పెట్టారు. కోడలికి వీలు కాక ఎదురింటావిడతో నన్ను పంపింది. ఒక ఆఫీసరు గారి భార్య హిందీలో చెప్పింది, కడప ఆవిడ నా చెవిలో తెలుగులో చెప్పింది. అంగీఠీ, అంటే చలి కాచుకునే బొగ్గుల కుంపటి, మూసిన గదిలో పెట్టి పడుకోవద్దు, దాని గాలి విషం, నిద్రలోనే ప్రాణం పోతుంది అని. ఇంటికొచ్చి కోడలికి చెప్పాను. "తెలుసత్తా, ఏటేటా చెప్తారు. మనకి అంగీఠీ ఎక్కడిది, కరెంటు హీటరు ఉంది కద," అంది. నిజమే. మాకు అంగీఠీ లేదు. మా ఇద్దరిలో ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు.

కాని ఆదివారం సాంబ్రాణి ఉంది.

పిల్లలకి నూనె అంటి, నలుగు పెట్టి, వేన్నీళ్లతో తలంటి, తల తుడిచాక సాంబ్రాణి పొగ వెయ్యకపోతే మా వైపు ఆ స్నానం స్నానమే కాదు. తల్లో తడి ఆరుతుంది, జలుబు చెయ్యదు, పిల్లలు ఒళ్లు మరిచి నిద్రపోతారు. నా కొడుక్కి వేశాను, కూతుళ్లకి వేశాను. ఢిల్లీలో నిప్పులు ఎక్కడ? వీధి చివర వేపచెట్టు కింద ఇస్త్రీ బల్ల ఉంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె. ఆదివారం పొద్దున్నే పాత ఇనప మూకుడు పట్టుకొని వెళ్తే ఇస్త్రీ అతను పెట్టె తెరిచి ఎర్రటి నిప్పులు వేసేవాడు.

"అమ్మాజీ, ఆజ్ ఫిర్ పూజా?" అనేవాడు. ఈ రోజు కూడా పూజేనా అని. ఇంత భక్తి ఎవరికీ ఉండదు అనుకొని ఉంటాడు. అవును పూజే అనేదాన్ని. అతనికి సాంబ్రాణి గురించి చెప్పే హిందీ నా దగ్గర లేదు.

ఆ మూకుడు వెనక వరండాలో పెట్టి, సాంబ్రాణి చల్లి, వెదురుబుట్ట బోర్లించి, దాని మీద పిల్లవాడి తల ఆనించి పట్టుకునేదాన్ని. వరండాకి మూడు వైపులా గాలాడే ఇనప జాలీ. పొగ వచ్చింది వచ్చినట్టు పోయేది.

ఆ ఆదివారం కోడలు నా చేతిలోని మూకుడు పట్టుకుంది.

"ఈ రోజు నేను చేస్తాను అత్తా."

"పడుకోరాదూ. వారమంతా..."

"వారమంతా నువ్వే చేస్తున్నావు. వాడికి నా వాసన కూడా గుర్తులేదు. ఈ ఒక్క రోజూ నాకు ఒగ్గీ."

అంత నెమ్మదిగా అంది కాబట్టి ఇచ్చేశాను. గట్టిగా అని ఉంటే గొడవపడేదాన్ని.

ఆ రోజు చలి ఎముకల్లోకి దిగింది. బయట పది అడుగుల అవతల మనిషి కనపడడం లేదు. దానికి తోడు కరెంటు పోయింది. ఆమె ఇద్దరికీ తలంటింది. నేను వేన్నీళ్లు అందించాను. పిల్లవాడు మొదట నా వైపు చేతులు చాచాడు, తర్వాత నీళ్లు పడగానే కిలకిల నవ్వాడు. ఆమె మొహం వెలిగింది. ఎన్నాళ్లకో చూశాను ఆ మొహం. వరండాలో చలిగాలి, పొగ. "ఇక్కడ కూచుంటే వీడి దగ్గు తిరగబెడుతుంది," అని మూకుడు చిన్నగదిలోకి తీసుకుపోయింది. నేను చూశాను. మంచిపనే అనుకున్నాను. హీటరు లేదు, తడితల పిల్లలు, నిప్పుల వేడైనా ఉంటుంది అనుకున్నాను.

అప్పుడే ఎదురింటావిడ పిలిచింది. ఉసిరికాయలు తెచ్చింది, తొక్కడానికి సాయం రమ్మంది. "నువ్వు వెళ్లు అత్తా, మేము ముగ్గురం పడుకుంటాం," అని లోపలి నుంచి కోడలు అంది. గొంతులో నవ్వు ఉంది. తలుపు మూసుకుంది.

ఉసిరికాయ తొక్కడం అయ్యేసరికి చేతులు పులిసిపోయాయి. మాటల్లో కడప ఆవిడ కోడలి మీద ఒక విసురు విసిరింది. "బిడ్డలు చిన్నోల్లు గదా పెద్దమ్మా. ఇప్పుడేం తొందర, ఉద్యోగం యాడికి పోతాది?" నేను ఊరుకోలేదు. "బిడ్డలు పెద్దోలయ్యాక ఉద్యోగం నీ కోసం గేటు కాడ నిలబడతాదేటి?" అన్నాను. ఆమె నవ్వి పచ్చడి గిన్నెలో పెట్టి ఇచ్చింది. నేను గిన్నె పట్టుకొని మా ఇంటికి వచ్చాను.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మాకు నిశ్శబ్దం అలవాటే. అడుగు చప్పుడు కాకుండా వెళ్లి చిన్నగది తలుపు కొంచెం తోశాను. కింద చుట్టిన చీర అడ్డం పడి తలుపు బరువుగా కదిలింది. వెచ్చటి సాంబ్రాణి వాసన మొహానికి తగిలింది. ఒకే రజాయి కింద ముగ్గురూ. పిల్లవాడు ఆమె రొమ్ము మీద తల పెట్టి పడుకున్నాడు. ఆమె చెయ్యి వాడి వీపు మీద ఉంది. మూలలో మూకుడు, నిప్పులు బూడిద కప్పి ఉన్నాయి. నా కళ్లు తడి అయ్యాయి. బిడ్డ తల్లి దగ్గరకి చేరాడు, చాలు అనుకున్నాను. లేపకూడదు. తలుపు మళ్లీ దగ్గరకి లాగుతున్నాను.

సాంబ్రాణి కింద ఇంకో వాసన వచ్చింది. పులిసిన పాల వాసన.

తలుపు తెరిచి లోపలికి వెళ్లాను. పెద్దది దిండు మీద వాంతి చేసుకుంది. చెంప దానిలోనే ఉంది. జుట్టు దానిలోనే ఉంది. కళ్లు మూసుకొని పడుకుంది. ఇది గోరు మీద మట్టి అంటినా కడిగేదాకా ఊరుకోని పిల్ల. "ఓలే, లేయే," అని భుజం కుదిపాను. తల ఇటు నుంచి అటు వాలింది.

నేను అరిచిన అరుపు ఏమిటో నాకు గుర్తులేదు. కడప ఆవిడ చేతికి ఉసిరి ముద్దతోనే పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో ఆగి, మూలకి చూసింది.

"బొగ్గులు! ఓయమ్మా, బొగ్గులు లోపల పెట్టినారే! తలుపులు తియ్, పెద్దమ్మా! బయటికి, అందర్నీ బయటికి!"

అప్పుడు తెలిసింది నాకు. మూకుడులో ఉన్నది సాంబ్రాణి నిప్పు కాదు, అంగీఠీయే. మీటింగులో ఆవిడ చెప్పింది దీని గురించే. అంతదాకా నా తలలో అవి రెండు వేరువేరు వస్తువులు. ఒకటి ఉత్తరాదివాళ్లు చలి కాచుకునేది, రెండోది మన పిల్లల తల ఆరేసేది.

పిల్లవాణ్ణి నేను ఎత్తుకున్నాను. మెడ నిలవలేదు. వరండా దాటి మట్టిలోకి, మంచులోకి తీసుకుపోయి వీపు మీద చరిచాను. కడప ఆవిడ పెద్దదాన్ని లాక్కొచ్చింది. ఇస్త్రీ అతను, పక్క బ్లాకు జవాను ఒకతను, ఇంకెవరో పరుగెత్తుకొచ్చారు. కోడల్ని ఇద్దరు మోసుకొచ్చి చాప మీద పడుకోబెట్టారు. చెంపలు కొడితే కళ్లు సగం తెరిచింది.

"నిద్రొస్తంది అత్తా," అంది. "ఒగ్గీ. కొంచెంసేపు."

రోజూ అనే మాటే. అదే గొంతు. ఆ మాటకి నేను ఇన్నాళ్లూ తలుపులు మూశాను. ఆ రోజు జుట్టు పట్టుకొని కూర్చోబెట్టాను. "పడుకోకు! పడుకున్నావంటే సంపేత్తాను!" అని అరిచాను. ఆ మాట కడప ఆవిడ తర్వాత చెప్పి నవ్వింది, అప్పటికి నవ్వే వీలు దొరికింది కాబట్టి.

పిల్లవాడు ఏడ్చాడు. చాలా ఆలస్యంగా, పిల్లిపిల్ల గొంతుతో. ఆ ఏడుపు విన్నాక అక్కడే మట్టిలో కూర్చున్నాను.

ఆసుపత్రిలో ముగ్గురికీ మొహాల మీద ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. యూనిఫాం వేసుకున్న డాక్టరమ్మ చిన్న వయసుది. పిల్లలు తేరుకుంటారు అంది, ఇంకొంచెం ఆలస్యమైతే అని ఆగిపోయింది. కోడల్ని అడిగింది, తలనొప్పి ఎప్పటి నుంచి, మత్తుగా ఎప్పటి నుంచి అని. కోడలు మాస్కు కింద నుంచి ఏమి చెప్పగలదు? ఎదురింటావిడ ద్వారా నేనే చెప్పించాను. మత్తుగా అయితే ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఉంది. అందుకే మాకు తేడా తెలియలేదు. డాక్టరమ్మ రాసుకోవడం ఆపి నా వైపు చూసింది.

సాయంత్రం ఫోను వచ్చే వేళ అయింది. ఫోను నా ఒళ్లో ఉంది.

"చెప్పొద్దు పెద్దమ్మా," అంది కడప ఆవిడ. "కొండ మీద ఉండే మొగోడు. తుపాకి చేతిలో ఉంటాది. మనసు ఇక్కడుంటే ఎట్ల? బాగైనాక నిదానంగా చెప్పొచ్చు."

కోడలు మాస్కు పక్కకి జరిపింది. "చెప్పు అత్తా. నువ్వు దాచలేవు, నీ గొంతే చెప్పేస్తుంది." కాసేపు ఊపిరి తీసుకొని, "ఆఫీసు వల్ల అని మాత్రం అనకు," అంది. ఆ పరిస్థితిలో కూడా ఆమె కళ్లలో ఉన్నది ఆరు నెలల గడువే. చెప్పుకుంటే కొందరికి తప్పుగా తోస్తుంది. నాకు తోచలేదు. మునుగుతున్నవాడు గట్టునే చూస్తాడు.

ఫోను మోగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బొగ్గులు, మూసిన గది, ముగ్గురు, ఆసుపత్రి, ఇప్పుడు బాగున్నారు. అవతల గాలి హోరు.

"రేపటి నుంచి మానీమను," అన్నాడు.

"ఒరే. ఇవాళ ఆదివారం. ఆఫీసుకి ఎల్లలేదు. ఇంట్లో ఉండి, పిల్లలకి నీళ్లు పోసింది. ఇంట్లో ఉన్నప్పుడే అయింది."

"నిద్ర లేక కద అమ్మా అలాగ పడిపోయింది? మామూలు మనిషయితే తలనొప్పికి లేచి బయటికొచ్చీది కద?"

అది నిజం. అయినా అన్నాను. "నాను సూసుకుంటాను."

"నువ్వు ఉండగానే కద అమ్మా అయింది."

వాడు కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ ఆ మాట నా చెవిలో ఉంది. లీవు అడుగుతాను, వచ్చాక తేలుద్దాం అని పెట్టేశాడు.

మర్నాడు ఇంటికి పంపారు. రెండు రోజులు ఆమె ఆఫీసుకి వెళ్లలేదు. మూడో రోజు చీకటితో లేచి చుడీదార్ ఇస్త్రీ చేసుకుంటోంది, కరెంటు ఇస్త్రీ పెట్టెతో. గడువు అయ్యేదాకా ఎక్కువ సెలవు పెడితే వాళ్లు వద్దంటారు అంది. వెళ్లు అన్నాను. నేను వద్దంటే ఆగేది. అది నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

ఇప్పుడు మా ఇంట్లో నిద్ర పాత నిద్ర కాదు. పెద్దది తల్లి పడుకోగానే పక్కన కూర్చుంటుంది. కాసేపటికి భుజం కుదుపుతుంది. "మమ్మీ. ఉఠో." లెమ్మని. ఆమె లేచి, "ఉన్నానే" అంటుంది. మళ్లీ కళ్లు మూసుకుంటుంది. మళ్లీ కుదుపుతుంది. దాన్ని కొట్టలేను, వద్దని చెప్పలేను. కోడలి కళ్ల కింద నల్లగా పడింది. మునుపు ఎక్కడ పడితే అక్కడ నిద్రపోయే మనిషి, ఇప్పుడు నిద్ర వస్తే భయపడుతోంది. ఆదివారాలు కూర్చోవడం లేదు. నిలబడే టీ తాగుతుంది.

కొడుకు లీవు మీద వచ్చాడు. రాగానే కిటికీల టేపు అంతా పీకేశాడు. పేపరు ముక్కలు ఏరి మూటగట్టి పారేశాడు. పిల్లవాడు తండ్రిని గుర్తుపట్టలేదు, నా చీర వెనక దాక్కున్నాడు. కొడుకు వచ్చిన మర్నాడు పొద్దున్న హారన్ మోగింది. కోడలు బ్యాగు భుజాన వేసుకొని గదిలో నిలబడింది. మొగుడి వైపు చూసింది. వాడు పిల్లవాడి మేజోళ్లు తొడుగుతూ తల ఎత్తలేదు. అప్పుడు నా వైపు చూసింది.

"ఎల్లు. బేగి ఎల్లు, బండి పోతాది," అన్నాను.

వెళ్లింది. తలుపు మూసుకున్నాక వాడు అన్నాడు. "ఈసారి ఏటైనా అయితే దాన్ని అడగను అమ్మా. నిన్నే అడుగుతాను."

"అడుగు," అన్నాను.

లీవు అయిపోయి వాడు కొండ మీదకి వెళ్లిపోయాడు. గడువు ఇంకా పూర్తి కాలేదు. చలి కూడా పూర్తి కాలేదు. ఇస్త్రీ అతను నన్ను చూస్తే తల దించుకుంటాడు. అతని తప్పేమీ లేదని చెప్పే హిందీ కూడా నా దగ్గర లేదు.

ఇది మధ్యాహ్నం పూట వంటింటి గుమ్మం దగ్గర కూర్చొని రాస్తున్నాను. పిల్లలిద్దరూ అన్నం తిని చిన్నగదిలో పడుకున్నారు. కిటికీ తెరిచే ఉంది, తలుపు తెరిచే ఉంది, హీటరు కట్టేసే ఉంది. అన్నీ నాకు తెలుసు. అయినా ఈ నాలుగు వాక్యాలు రాయడానికి మూడుసార్లు లేచి వెళ్లి, ముక్కుల కింద వేలు పెట్టి చూసి వచ్చాను. ఇప్పుడు లోపల బొత్తిగా చప్పుడు లేదు. వెళ్లి చూడాలి.